నాలుగో గవ్వ

నాలుగు గవ్వలూ బోర్లా పడ్డాయి. అష్టా. అష్టచెమ్మలో అంతకు మించిన పందెం లేదు. అష్టా పడితే నా కూతురు కూర్చున్న చోట కూర్చోదు. లేచి మంచం మీద గెంతుతుంది, తమ్ముడి నెత్తి మీద మెత్తగా ఒకటి వేస్తుంది, నా కాయ ఎక్కడుందో వెతికి చంపేదాకా ఊరుకోదు. ఆ సాయంత్రం మాత్రం గవ్వలవైపు చూస్తూ అలాగే ఉండిపోయింది.

"ఎన్ని పడ్డయి బిడ్డా?" అని అడిగాను.

"తెల్వదమ్మా."

"సరిగ్గ చూడు."

అది గవ్వల మీదికి వంగింది. ఒక వేలు చాచి మొదటి గవ్వను ముట్టుకుంది, రెండోదాన్ని ముట్టుకుంది, మళ్ళీ మొదటిదానికే వచ్చింది.

"నిలుస్తలేవమ్మా గివి" అంది.

మూడో తరగతి పిల్ల. పన్నెండో ఎక్కం నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అలాంటిది నాలుగు గవ్వలు లెక్కపెట్టలేకపోయింది.  ఇంట్లో జరగకూడనిది ఏదో జరుగుతోందని నాకు మొదట తెలిసింది అప్పుడే.

అంతకుముందే తెలియవలసింది. కొడుకు అన్నం తినకుండానే నిద్రపోయాడు. పిల్ల తల నొస్తోందని రెండుసార్లు చెప్పింది. నేను ఆవలింత మీద ఆవలింత తీస్తూనే ఉన్నాను. వాటన్నిటికీ నా దగ్గర ఒకటే సమాధానం, చలి. మధ్యాహ్నమంతా సముద్రం ఒడ్డున చలిగాలిలో తిరిగాం కదా, అదే అనుకున్నాను.

పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఈ మధ్య నాకు రాత్రుళ్ళు నిద్ర సరిగా పట్టడం లేదు. లేచి వెళ్ళి వాళ్ళ ముక్కుల దగ్గర వేలు పెట్టి, ఊపిరి తగిలాక వచ్చి కూర్చుంటాను. ఊరికే కూర్చునే బదులు రాస్తే నయమనిపించింది.

మేముండేది ఖఫ్జీలో. కువైట్ సరిహద్దు దగ్గర్లో ఉన్న చిన్న ఊరు. మా ఆయన ఇక్కడి ఆయిల్ ఫీల్డులో ఒక కాంట్రాక్టు కంపెనీ కింద టెక్నీషియన్. నేను పిల్లలను తీసుకుని జగిత్యాల నుంచి వచ్చేముందు సౌదీ ఎండల గురించి చెప్పనివాళ్ళు లేరు. చలి గురించి ఒక్కరూ చెప్పలేదు. డిసెంబరు దాటితే ఉత్తరం నుంచి గాలి మొదలవుతుంది, ఇక్కడ దాన్ని షమాల్ అంటారు. ఇళ్ళన్నీ ఎండకు భయపడి కట్టినవి. టైల్స్ మీద కాలు పెడితే ఐసు మీద పెట్టినట్టుంటుంది. పడకగదిలో కిటికీ ఏసీ చుట్టూ ఉన్న సందుల్లోంచి గాలి ఈల వేసుకుంటూ వచ్చేది. ఆ సందుల్లో పాత బనియన్లు కుక్కి, పైన వెడల్పాటి టేపు అంటించాను. కిటికీ రెక్కల మధ్య కూడా అంటించాను. తలుపు కింద దుప్పటి చుట్టి పెట్టాను. ఒక్క దుమ్ము రేణువు కూడా రాకుండా చాలా శ్రద్ధగా చేశాను. మా ఆయన చూసి, నువ్వు మా కంపెనీలో పనికొస్తవు, లీకులు ఆపటానికి అని నవ్వాడు. నాకు గర్వంగా అనిపించింది.

గవ్వల సంగతి మా అత్తమ్మ మొదలుపెట్టింది. పిల్లలు ఫోన్లు వదలడం లేదని నేను అట్ట డబ్బా వెనక అష్టచెమ్మ గళ్ళు గీసి ఆట నేర్పాను. గవ్వలు లేవు. పిస్తాపప్పు తొక్కలతో ఆడేవాళ్ళం. తొక్క అయితే వెల్లకిలా పడిందో బోర్లా పడిందో బాగానే తెలుస్తుంది, కానీ తేలిక, ఫ్యాను గాలికి కూడా తిరిగిపోతుంది. వీడియో కాల్‌లో మా అత్తమ్మ అది చూసింది.

"ఇంటి పక్కకే సముద్రం ఉన్నదంటవ్. పిస్తా తొక్కలతోని ఆడుతున్రా? గవ్వలు గుడ కొనుక్కోవాల్నా మీకు?" అంది.

వెక్కిరింపే, కోపం కాదు. నవ్వాను. కానీ ఆ మాట నాలో ఉండిపోయింది. మా వైపు సముద్రం లేదు. చిన్నప్పుడు మా ఇంట్లో నాలుగే గవ్వలు ఉండేవి. మా నానమ్మ వాటిని గుడ్డలో కట్టి బియ్యం డబ్బాలో దాచేది. పండగలకు, ముసురు పట్టిన రోజులకు మాత్రమే బయటికి తీసేది. ఒక్క గవ్వ పోతే ఇల్లంతా ఊడ్చి వెతికేవాళ్ళం. అలాంటి గవ్వలు ఊరికే దొరికే ఒడ్డుకు ఇంత దగ్గర్లో ఉండి పిల్లలకు చూపించకపోవడం నాకే తప్పనిపించింది.

ఆ శుక్రవారం మా ఆయనకు డ్యూటీ ఉంది. ప్లాంటులో షట్‌డౌన్ పనులు, సెలవులు లేవు. ఇంట్లో హీటరు వైరు కాలిపోయి మూలన పడి ఉంది, సాయంత్రం వస్తూ కొత్తది తెస్తానన్నాడు. పిల్లలు పొద్దున్నుంచి దుప్పట్లో దూరి ఫోను కోసం కొట్టుకుంటున్నారు. పై అంతస్తులో కడప వాళ్ళుంటారు. ఆయన కంపెనీ వ్యాను నడుపుతాడు. నమాజు అయ్యాక అటువైపే వెళ్తున్నాడని తెలిసి, మమ్మల్ని సముద్రం దగ్గర దింపి, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కించుకోమని అడగడానికి పైకి వెళ్ళాను. ఆయన సరేనన్నాడు. ఆయన భార్య, మా కడపక్కే, నవ్వింది.

"ఈ సలిలో సముద్రానికి ఎవురైనా పోతారా మ్మే? మీ తెలంగాణోల్లకు సముద్రమంటే అంత మోజేంది?"

"మీ కడపల ఉన్నదా అక్కా సముద్రం?"

"ల్యా. అందుకే నాకు బుద్ధుంది, ఇంట్లో కూర్చున్యా" అంది. నవ్వుకుంటూ దిగి వచ్చాను. పిల్లలకు రెండేసి స్వెట్టర్లు, మంకీ క్యాపులు, సాక్సులు వేశాను. మారుబట్టలు తీసుకోలేదు. నీళ్ళలోకి దిగేది లేదు కదా అనుకున్నాను.

ఒడ్డున మనుషులు లేరు. దూరంగా ఒక కారు, అందులో ఎవరో టీ తాగుతున్నారు. ఆకాశం బూడిద రంగులో ఉంది, నీళ్ళూ అదే రంగు. ఆటు సమయం, సముద్రం చాలా దూరం వెనక్కి తగ్గింది. తడి ఇసుక మీద గీత గీసినట్టు పొడుగునా గుల్లలు పేరుకుని ఉన్నాయి. కాళ్ళ కింద అవి కరకరమని నలుగుతుంటే పిల్లలు ఆ చప్పుడుకే ఆగకుండా నవ్వారు.

వంగి నడవడం మొదలుపెట్టాం. విసనకర్రల్లాంటి చిప్పలు, సన్నటి మరమేకుల్లాంటి గుల్లలు, లోపల వెన్నెల రంగు ఉన్న ఆల్చిప్పలు. కొడుక్కి అన్నీ ఒకటే. నీళ్ళ సీసా మూత, తాడు ముక్క, పీత కాలు, ఏది దొరికితే అది తెచ్చి నా చేతిలో పెట్టి "ఇది గవ్వేనా?" అనేవాడు. "కాదు నాన్నా, చానా మంచిగున్నది, పెట్టుకో" అనేదాన్ని. కూతురు మాత్రం నాలాగే. గవ్వ తప్ప మరొకటి దాని కంటికి ఆనలేదు.

మొదటి గవ్వ దానికే దొరికింది. చింతగింజకంటే కాస్త పెద్దది, వీపు మీద గోధుమ రంగు చుక్కలు, కింద పళ్ళ వరుస. చేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత నాకొకటి దొరికింది. వేళ్ళు మొద్దుబారి, గవ్వను పట్టుకున్నానో లేదో చూసి తెలుసుకోవలసి వచ్చింది. ముక్కు కారుతోంది. చెవులు మంట. అయినా వెనక్కి రావాలనిపించలేదు. ఈ దేశం వచ్చాక నాకంటూ నేను వెతుక్కున్నది అదొక్కటే అనిపించింది. మూడోది దొరికేసరికి చీకటి పడలేదు కానీ గాలి పెరిగింది. కొడుకు నా చున్నీ కొంగు పట్టుకుని, ఇంటికి పోదామని మొదలుపెట్టాడు.

"ఒక్కటి దొరకనియ్యి కన్నా. నాలుగైతెనే ఆట" అన్నాను.

ఆ ఒక్కటి నాకే కనిపించింది. ఒడ్డు నుంచి కొంచెం లోపల, రాళ్ళ మధ్య మోకాలి లోతు నీళ్ళు నిలిచి ఉన్నాయి. అడుగున రాతికి ఆనుకుని మెరుస్తూ ఉంది.

"అగో, అటు చూడు. గవ్వే అది" అని వేలు పెట్టి చూపించాను. కూతురు అటు ఒక అడుగు వేసింది. "నీళ్ళల్లకు పోకు" అన్నాను.

అన్నాను, నిజమే. ఎలా అన్నానో కూడా నాకు గుర్తుంది. చుట్టాలింట్లో రెండో లడ్డూ వద్దంటూనే పళ్ళెం కాస్త ముందుకు జరుపుతామే, అలా అన్నాను. అది నా ముఖంలోకి చూసింది. పిల్లలు మాటకంటే ముఖాన్నే నమ్ముతారు. బూట్లతోనే దిగిపోయింది. వంగి చెయ్యి పెట్టి గవ్వ తీసేసరికి స్వెట్టరు చేతులు, జుట్టు కొసలు తడిశాయి. నేను "దొరికిందా, దొరికిందా" అంటున్నాను. అక్క దిగింది కదా అని వెనకే కొడుకు దిగాడు. పాచి మీద కాలు జారి, నడుము దాకా నీళ్ళలో కూర్చుండిపోయాడు. పడినప్పుడు ఏడవలేదు. చలికి ఊపిరి అందక నోరు తెరిచి నావైపు చూశాడు. ఆ తర్వాత ఏడ్చాడు.

పరుగెత్తి ఎత్తుకున్నాను. భయం, చలి, సిగ్గు అన్నీ కలిసి కూతురి మీద పడ్డాయి.

"పోవద్దంటే ఎందుకు పోయినవ్? నీ వల్లనే తడిసిండు వాడు. వానికేమన్న ఐతే చూడు."

 అది గుప్పిట తెరిచి గవ్వ చూపించబోయింది. నేను చూడకుండా గవ్వ లాక్కుని సంచిలో వేసుకున్నాను.

వ్యాను వచ్చేదాకా మూసి ఉన్న ఒక టీ కొట్టు వెనక గాలి తగలకుండా నిలబడ్డాం. కొడుకు ప్యాంటు విప్పేసి నా చున్నీ చుట్టాను. కూతురు కొంచెం ఎడంగా నిలబడింది. దగ్గరికి రమ్మని పిలవలేదు.

ఇంటికి రాగానే గీజరు వేసి ఇద్దరికీ వేడి వేడి నీళ్ళతో తలస్నానం చేయించాను. తలస్నానం తర్వాత సాంబ్రాణి వేయకపోతే మా ఇళ్ళల్లో స్నానం పూర్తయినట్టు కాదు. పురిటి బిడ్డ నుంచి పెళ్ళి కూతురి దాకా అందరి జుట్టూ నిప్పుల మీదే ఆరుతుంది. సాంబ్రాణి పొగ పడితే జలుబు చేరదని, పిల్లలకు హాయిగా నిద్ర పడుతుందని మా అమ్మ చెప్పేది, వాళ్ళమ్మ చెప్పేది. నేను ఊరి నుంచి సాంబ్రాణి తెచ్చుకున్నాను. మామూలుగా దుకాణంలో దొరికే చిన్న బొగ్గు బిళ్ళ ఒకటి ముట్టించి కాసేపు వేస్తాను. ఆ రోజు నాకు అది చాలదనిపించింది. వంటింటి బాల్కనీలో, పోయినసారి అందరం ఎడారిలోకి వెళ్ళినప్పుడు మిగిలిన బార్బెక్యూ బొగ్గులు సగం సంచి ఉన్నాయి. ఇనుప మూకుడు నిండా తీసుకుని గ్యాసు మీద ఎర్రగా చేశాను. పడకగదిలో నేల మీద పెట్టి సాంబ్రాణి చల్లాను. తెల్లటి పొగ లేచింది, పిల్లలు దగ్గారు, నవ్వారు. కూతురి జుట్టు పాయలు తీసి ఆరబెట్టాను. కాసేపటికి పొగ పోయింది. నిప్పులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. గది వెచ్చబడింది. ఆ వెచ్చదనం పోనివ్వబుద్ధి కాలేదు. తలుపు మూసి, కింద దుప్పటి చుట్ట పెట్టాను.

డిగ్రీలో నేను చదివింది కెమిస్ట్రీ. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, రక్తంలో ఆక్సిజన్ చోటును అది ఆక్రమిస్తుందని రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఇక్కడ ప్రతి చలికాలం మూసిన గదుల్లో బొగ్గులు పెట్టుకోవద్దని ఫోన్లకు హెచ్చరికలు వస్తాయి. వాటిని మా ఆడవాళ్ళ గ్రూపులో పంపించే వాళ్ళలో నేనొకదాన్ని. అయినా ఆ రోజు నాకు తట్టలేదు. బొగ్గులంటే లేబర్ క్యాంపుల్లో పనివాళ్ళు చలికి తట్టుకోలేక పెట్టుకునేవి. నేను పెట్టింది సాంబ్రాణి. సాంబ్రాణి మందు. నా తలలో ఆ రెండూ ఒక్కసారి కూడా పక్కపక్కన నిలబడలేదు. పొగ పోయింది కాబట్టి భయం లేదనుకున్నాను.

సముద్రం దగ్గర తిట్టినందుకు మనసు పీకుతోంది. గవ్వలను సబ్బుతో కడిగి, తుడిచి, "రా, నువ్వు తెచ్చిన గవ్వలతోని ఆడుదాం" అని కూతుర్ని పిలిచాను. ముగ్గురం మంచం మీద రగ్గు కప్పుకుని కూర్చున్నాం. కొడుకు నా తొడ మీద తల పెట్టి రెండు ఆటలు చూసి నిద్రపోయాడు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఒళ్ళు వెచ్చబడిందనుకున్నాను. పాపం అలసిపోయాడు, మంచి నిద్ర పట్టిందని సంతోషించాను. ఇన్ని రాత్రులుగా నన్ను లేపుతున్నది ఆ సంతోషమే.

అప్పుడు అష్టా పడింది.

"నిలుస్తలేవమ్మా గివి" అని పిల్ల అన్న తర్వాత నేను మొదట అనుమానించింది గవ్వలను. వాటిలో ఏదో విషముందని, సముద్రంలోంచి ఏదో తెచ్చానని అనుకుని చేత్తో మంచం మీంచి తోసేశాను. కొడుకును కదిపాను. తల ఒక పక్కకు వాలిపోయింది. పిలిచాను. కళ్ళు తెరవలేదు. కడపక్కను కేకేయాలని లేస్తే మోకాళ్ళు నావి కానట్టు మడత పడ్డాయి. గోడ పట్టుకుని గది తలుపు తెరిచాను, హాలు దాటి వీధి తలుపు తెరిచాను. మెట్ల మీదుగా వచ్చిన గాలి ముఖాన కొట్టింది. ఆ చలికి తల ఒక్క క్షణం తేటపడింది. వెనక్కి తిరిగి చూశాను. తలుపులోంచి మంచం పక్కన మూకుడు కనిపించింది. పొగ లేని ఎర్రటి నిప్పులు.

అప్పుడు తెలిసింది. పరీక్షలో రాసిన వాక్యం వాక్యంగానే గుర్తొచ్చింది.

కొడుకును ఎత్తలేక చంకల కింద చేతులు వేసి ఈడ్చుకొచ్చాను. కూతురు గోడ పట్టుకుని నడిచింది. ఇద్దరినీ మెట్ల మీద, గాలి నేరుగా కొట్టే చోట కూర్చోబెట్టి పైకి అరిచాను. కడపక్క చెప్పులు లేకుండా దిగి వచ్చింది.

"బొగ్గులక్కా" అన్నాను.  ఆమెకు ఆ ఒక్క మాట చాలింది. కొడుకును నా చేతుల్లోంచి తీసుకుని భుజాన వేసుకుని వీపు మీద చరుస్తూ, భర్తను వ్యాను తియ్యమని పిలిచింది. కూతురు వణుకుతూ, "చలైతుందమ్మా, లోపలికి పోదాం" అంది. వద్దన్నాను. పొద్దంతా ఏ గాలి తగలకుండా వాళ్ళను కప్పానో, ఆ గాలినే వాళ్ళ ముఖాలకు పట్టి కూర్చున్నాను. వ్యాను ఎక్కించేలోగా కొడుకు కక్కుకుని ఏడవడం మొదలుపెట్టాడు. నా జీవితంలో అంత మంచి చప్పుడు వినలేదు.

ఆస్పత్రిలో పిల్లలిద్దరికీ మాస్కులు పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు, నాకూ పెట్టారు. మలయాళీ నర్సు ఇంట్లో ఏం కాల్చారని అడిగింది. "బుఖూర్" అన్నాను. ఇక్కడ అన్ని ఇళ్ళల్లోనూ వేసుకునే సువాసన పొగ అది. మూకుడు నిండా బార్బెక్యూ బొగ్గులని చెప్పడానికి నోరు రాలేదు. ఆమె తిట్టలేదు. చలికాలంలో ఇలాంటి వాళ్ళు వస్తూనే ఉంటారని, సమయానికి బయటికి తెచ్చారని అంది. ఆ మెచ్చుకోలు నేను తీసుకున్నాను.

మా ఆయనకు ఫోనులో నేనే చెప్పాను. పిల్లలు నీళ్ళలో దిగి తడిశారని, చలికి వణుకుతుంటే నిప్పులు పెట్టానని, పొగ పట్టిందని చెప్పాను. ఒక్కటీ అబద్ధం కాదు. కానీ తడవడం దగ్గర మొదలుపెట్టాను. అక్కడ మొదలుపెడితే తప్పు ఎవరి మీదికి పోతుందో నాకు తెలుసు.

ఆయన డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. కొడుకు మంచం పక్కన నిలబడి కాలి వేళ్ళు ఒక్కొక్కటే ముట్టుకున్నాడు.  వాడు కళ్ళు తెరిచి, "నాన్నా, హీటర్ తెచ్చినవా?" అన్నాడు. ఆయనకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తర్వాత కూతురివైపు తిరిగాడు. మెల్లగానే అన్నాడు.

"నీళ్ళల్లకు పోవద్దని అమ్మ చెప్పింది గద బిడ్డా. చెప్తె ఇనాలె. చూడు, తమ్మునికి ఎంత పనైందో."

నేను పక్కనే ఉన్నాను. నోటికి మాస్కు ఉంది కాబట్టి మాట్లాడలేదని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. మాస్కు తీయడానికి ఒక్క వేలు చాలు. కూతురు తండ్రిని చూసింది, నన్ను చూసింది. నేను చెబుతానని ఎదురుచూసిందో, ఏమీ అనుకోలేదో తెలియదు. నేను కళ్ళు మూసుకున్నాను. ఆ నిమిషంలో నా గుండె మీంచి కొంత బరువు దిగింది. అది ఎవరి గుండె మీదికి వెళ్ళిందో చూడలేదు.

రక్త పరీక్షలు బాగున్నాయని ఆ రాత్రే పంపించేశారు. కడపక్క వాళ్ళు అప్పటికే మా ఇంటి కిటికీలన్నీ తెరిచి, నిప్పులు బయట పారబోసి, నీళ్ళు చల్లి ఉంచారు. టేపు చీలికలు కిటికీకి వేలాడుతూ గాలికి కొట్టుకుంటున్నాయి. పిల్లలను మా ఇద్దరి మధ్య పడుకోబెట్టాం. కొడుకు వెంటనే నిద్రపోయాడు. కూతురు పోలేదు. తమ్ముడి ఛాతీ మీద చెయ్యి వేసి పెట్టుకుంది. చాలాసేపటికి, "అమ్మా, తమ్ముడు సచ్చిపోతుండెనా?" అని అడిగింది.

"ఏం కాలేదు గద. పడుకో" అన్నాను.

"నా వల్లనేనా?"

"పడుకో బిడ్డా" అన్నాను మళ్ళీ. కాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. కాదంటే మరి ఎవరి వల్ల అని అడుగుతుంది. మా ఆయన పక్కనే ఉన్నాడు, మేలుకునే ఉన్నాడు.

పొద్దున నేను లేచేసరికి కూతురు మంచం మీద లేదు. హాల్లో నేల మీద కూర్చుని ఉంది. అంత చలిలో, స్వెట్టరు లేకుండా. మంచం కింద దూరి నాలుగు గవ్వలూ వెతికి తెచ్చుకుంది. కూరగాయల కవరులో వేసి, దానికి రెండు ముళ్ళు వేసి, మూడోది వేస్తోంది.

"ఏం చేస్తున్నవ్?" అన్నాను.

"గివి చెత్తల పడేస్త. నాకద్దు. ఇంక నేను సముద్రానికి రాను." నావైపు చూడకుండానే, "వానికేమన్న ఐతే" అంది.

నా మాట. ఒడ్డున నేను అన్న మాట, అదే గొంతుతో. ఆ పిల్ల రాత్రంతా దాన్ని పట్టుకుని పడుకుందని అప్పుడు అర్థమైంది. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే పిల్ల ఆ మాటతోనే పెరిగి పెద్దదవుతుంది. నన్ను అడగడం కూడా మానేస్తుంది. తమ్ముడు దగ్గినప్పుడల్లా ఉలిక్కిపడుతుంది. పెళ్ళయి పిల్లలు పుట్టినా, నీళ్ళంటే తన తప్పు గుర్తొచ్చే మనిషి అవుతుంది. అది తనది కాని తప్పు.

లోపలికి వెళ్ళి కొడుకును దుప్పటితో సహా ఎత్తుకొచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. కూతురికి నా స్వెట్టరు కప్పాను. వంటింట్లో మా ఆయన టీ పెడుతున్నాడు. ఆయనకు వినబడేంత గట్టిగానే మొదలుపెట్టాను, లేకపోతే మళ్ళీ వెనక్కి తగ్గుతానని తెలుసు.

"ఇటు చూడుండ్రి ఇద్దరు. నిన్న మీకు పానం బాగలేకుండ ఐంది నీళ్ళతోని కాదు. తడిస్తె జలుబైతది, గంతే. నేను రూముల పెట్టిన నిప్పులతోని ఐంది. తలుపు మూసి గన్ని నిప్పులు పెట్టొద్దు. అది నాకు తెలుసు, చదువుకున్న. ఐనా పెట్టిన."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"నాకు తల నొస్తుందని చెప్పిన గద" అంది కూతురు.

"చెప్పినవ్. రెండుసార్లు చెప్పినవ్. నేను ఇనలే."

కొడుకు ముడులు వేసిన కవరు మీద వేలితో గవ్వలను నొక్కి చూస్తున్నాడు.  కూతురు అన్నిటినీ వరసలో పెట్టుకునే పిల్ల.

"కని నీళ్ళల్లకు నేనే పోయిన. నువ్వు పోకు అన్నవ్."

"అన్న. కని ఆ గవ్వను నీకు చూపెట్టింది నేను. నాకు గావాల్సుండె అది. గందుకే గట్టిగ అనలే. నువ్వు నా మొకం చూసి పోయినవ్ బిడ్డా. నువ్వు నా మాట ఇన్నవ్."